జేబుల నాలుగు నిమ్మకాయలు

కార్లకు కొత్త చక్రాలు కట్టే పనిల నా జిందగి పోయింది. సరూర్‌నగర్‌ల మొదలువెట్టిన, ఎల్బీనగర్‌ల ఖతం జేసిన. బస్సుల కూసుంటె కునుకు పట్టేలోపల దిగిపోయేంత దూరం. గంత దూరం పోయేసరికి నాకు ముసలితనం వచ్చింది. రిటైర్మెంటు ఆర్డరు ఎవరూ ఇయ్యలే, నా మోకాళ్ళే ఇచ్చినయి.

ఈ పనిల కొత్తగ దిగేటోళ్ళు అప్పుడప్పుడు అడుగుతరు, "మామా, పని ఎట్లుంటదో జర చెప్పు" అని. చెప్తా. కాని తియ్యగ చెప్పుడు నాకు రాదు. నీ నోట్లె శని ఉన్నడని నా భార్యనే అంటది. పని గురించి రెండు మాటలు చెప్తా, మనుషుల గురించి నాలుగు మాటలు చెప్తా. మనుషుల సంగతే ఎక్కువ పనికొస్తది. నట్టు ఎప్పుడూ అబద్ధం ఆడదు.

బిల్ల సంగతి

కంపెనీ నుంచి వచ్చిన బండికి చక్రం బాడీ లోపలికే ఉంటది. కొందరికి అది చూస్తె మనసు నిమ్మళముండదు. చక్రం బయటికి రావాలె, బండి ఛాతి ఇరుచుకొని నిలవడ్డట్టు కనవడాలె. అందుకని కొత్త అల్లాయ్ చక్రాలు, వెడల్పు టైర్లు వేయిస్తరు. అదీ సాలకపోతె చక్రానికి, అది కూసునే హబ్బుకు నడుమ ఒక దొడ్డు లోహపు బిల్ల పెట్టుమంటరు. ఇంగ్లీషోళ్ళు స్పేసర్ అంటరు, మేము బిల్ల అంటం. బిల్ల ఎంత దొడ్డుంటె చక్రం అంత బయటికి వస్తది.

బిల్ల పెట్టంగనే ఉన్న బోల్టు పొట్టిదైతది. నట్టు పట్టుకునే మర తక్కువైతది. నట్టును చేతితోని తిప్పి చూడుండ్రి. రెండు మూడు చుట్లకే ఆగిందంటె దాన్ని పానా పెట్టి బిగించి మురిసిపోకుండ్రి. పొడుగు బోల్టులన్న ఎక్కించాలె, లేకుంటె బిల్ల తీసి కస్టమర్ చేతుల పెట్టి దండం పెట్టాలె. బిల్ల నడుమ బొక్క హబ్బు మీద నిక్కచ్చిగ కూసోవాలె. హబ్బు మీద తుప్పు, బిల్ల మీద రంగు, రెండూ ఇనుప బ్రష్షుతోని గీకాలె. ఆ రంగు పొర బండి బరువుకు నలిగిందంటె నట్టు కింద జాగ ఖాళీ అయితది.

ఇన్ని చేసినా బేరింగు మీద బరువు పెరుగుతది, కొన్ని దినాలకు అరుస్తది. కొండనాలుకకు మందేస్తె ఉన్న నాలుక ఊడినట్టు, షోకు కోసం పెట్టిన బిల్ల బండిని తింటది. ఈ మాట కస్టమర్‌కు చెప్తె పక్క దుకాణానికి పోతడు. అయినా చెప్పుండ్రి.

ఇగ అన్నిటికంటె పెద్ద మాట. ఎంత మంచిగ బిగించినా, కొత్తగ కట్టిన చక్రం రోడ్డు మీద మొదటిసారి పోయినంక జర కూసుంటది. కూసుంటె నట్టు వదులైతది. ఒక రౌండు పోయొచ్చినంక మళ్ళ పానా పెట్టి బిగించాలె. నేను చెప్పేదంత ఈ రెండో బిగింపు గురించే.

ఉస్తాద్ జేబు

నాకు పని నేర్పింది ఖాదర్ ఉస్తాద్. సరూర్‌నగర్ చెరువు దిక్కు చిన్న రేకుల దుకాణం. ఐదు పూటల నమాజ్ చేసే మనిషి. కాని ఆయన కమీజు జేబుల ఎప్పుడూ నాలుగు నిమ్మకాయలు ఉంటుండె. పనిల చేరినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఈ ముసలాయనకు నిమ్మకాయలు ఏందిరా భై అనుకున్న.

మన దిక్కు రివాజు మీకు తెలుసు. కొత్త బండి అయినా, కొత్త చక్రాలు అయినా, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తం. దిష్టి పోతది, బండి చల్లగుంటది అని. గంతవరకు మంచిదే. కాని నిమ్మకాయ తొక్కినంక ఆ చక్రానికి మళ్ళ పానా తాకొద్దని ఒక మాట ఎవడు పుట్టించిండో! తాకితె అపశకునమట. ఇగ రెండో బిగింపుకు ఎవడొస్తడు? తొక్కిస్తరు, తుర్రుమంటరు.

ఉస్తాద్ వాళ్ళతోని కొట్లాడలే. నిమ్మకాయలు తన జేబుల పెట్టుకున్నడు, అంతే. చక్రాలు కట్టుడు అయినంక కస్టమర్ అడుగుతడు, "ఉస్తాద్, నిమ్మకాయలేవి?" అని. "కొత్తపేట దాక ఒక రౌండు పోయి రా బేటా. నిమ్మకాయలు నా దగ్గర భద్రంగున్నయి" అంటుండె. వాడు పోయొస్తుండె. ఉస్తాద్ మళ్ళ పానా పెట్టి అన్ని నట్లు బిగించి, అప్పుడు జేబుల చెయ్యి పెడుతుండె. దేవుని పని వెనుక, పానా పని ముందు.

"అరే మల్లేశం, నీ దేవునికి కోపం రాదు గదా?" అని అడిగిండు ఒకసారి.

"రాదు ఉస్తాద్. రెండో బిగింపు నా దేవునికి గూడ మంచిదే" అన్న.

ఆయన పోయినంక దుకాణం లేకపాయె. నేను దిల్‌సుఖ్‌నగర్‌ల మూర్తి గారి దుకాణంల చేరిన. ఆ దినం నుంచి నాలుగు నిమ్మకాయలు నా జేబులకొచ్చినయి.

పసుపు గీత

చదువుకున్నోళ్ళకు పని తెల్వదని మనోళ్ళు మస్తు ఎకసెక్కాలాడుతరు. నేను ఆడను. ఈ పనిల నాకు రెండో పాఠం చెప్పింది ఒక చదువుకునే పిల్ల.

ఎల్బీనగర్‌ల ఒక కోచింగు లెక్చరర్ సారుండె, కోస్తా నుంచి వచ్చినోళ్ళు. ఆయన బిడ్డ నాదర్‌గుల్‌ల విమానం తోలుడు నేర్చుకుంటుండె. నాయిన కారే తోలుకుంట పోతుండె. సారు వెడల్పు టైర్లకు వచ్చిండు, ఆ పిల్ల గూడ వచ్చింది. నేను రౌండు సంగతి చెప్పంగనే సారు గడియారం చూసుకున్నడు. "ఇప్పుడవన్నీ ఎందుకండీ? క్లాసుకి లేటవుతుంది" అన్నడు. ఆ పిల్లనే ఆపింది. "నాన్నా, ఆగండి. అంకుల్ చెప్పింది కరెక్టే. మేం విమానం ఎక్కే ముందు ప్రతి నట్టూ చూస్తాం" అన్నది.

రౌండు పోయి తిరిగొచ్చినంక, నేను బిగిస్తుంటె పక్కన కూసున్నది. "అంకుల్, బిగించాక నట్టు మీద నుంచి బోల్టు మీదకి పెయింటుతో ఒక గీత గీయండి. నట్టు కదిలితే గీత విరిగిపోతుంది. చూడగానే తెలుస్తుంది" అని చెప్పింది. ఓర్నీ! ఇన్నేండ్లు నాకెందుకు తోచలే అనిపించింది. ఆ దినమే చిన్న పసుపు పెయింటు డబ్బా తెచ్చుకున్న. మొదటిసారి బిగించినంక గీత గీస్తుంటి. రౌండు పోయొచ్చినంక గీత ఎంత జరిగిందో కస్టమర్‌కే చూపిస్తుంటి. వాళ్ళు నోరు తెరుస్తుండె. మళ్ళ బిగించి, పాత గీత తుడిచి కొత్త గీత గీసి, అప్పుడు నిమ్మకాయలు తీస్తుంటి. మీరు గూడ గీయుండ్రి. ఈ వ్యాసంల ఇంకేది మర్చిపోయినా ఇది మర్చిపోకుండ్రి.

మూర్తి గారు, భిక్షపతన్న

మూర్తి గారు కోస్తా మనిషి. మాట మెత్తన, మనిషి పిరికి. చెడ్డోడని చెప్పను. నా బిడ్డకు జ్వరమొస్తె తన బండిల దవాఖానకు తీస్కపోయిండు. ఉద్యమం జోరందుకున్నంక ఆయనకు నిద్ర పట్టలే. దుకాణం బోర్డు మీద తన ఊరి పేరుండె, దాని మీద సున్నం కొట్టించిండు. షట్టర్ మీద జై తెలంగాణ స్టిక్కర్లు తనే అతికించిండు, ఒకటి గాదు, పాపం, షట్టర్ నిండ. "ఏంటయ్యా మల్లేశం, మీవాళ్లు మమ్మల్ని వెళ్లగొడతారా?" అని అడుగుతుండె.

"ఎవరు ఎల్లగొడ్తరు సారూ? మా రాష్ట్రం మాగ్గావాలె అంటున్నం, మీ దుకాణం గాదు" అంటుంటి. మనస్ఫూర్తిగనే అన్న. నేను గూడ ఊరేగింపులల్ల తిరిగిన. మా అన్న కొడుకు చదువుకొని కొలువు లేక ఎట్ల తిరిగిండో నేను చూసిన. ఆ కోపం దొంగ కోపం గాదు.

భిక్షపతన్న మా బస్తీ లీడరు. పాట పాడితె మనిషి వెంట్రుకలు నిక్కపొడుచుకుంటయి, అంత గొంతు. మాటల పోటుగాడు. ఎవరో ఇప్పించిన పెద్ద బండి ఉండె, నెంబరు ప్లేటు మీద ఏపీ గీకేసి టీజీ అని రాయించిండు. ఆ బండి డ్రైవర్ యాకోబు, బాటసింగారం అవతలి ఊరోడు. చర్చికి పోయేటోడు, నెమ్మదస్తుడు. స్టీరింగు పట్టుకుంటె బండి కడుపుల నీళ్ళు కదలకుండ తోలుతుండె. నేను ఇంత మందిని చూసిన గద, వానంత పదిలంగ తోలేటోన్ని చూడలే. ఇది యాదిల పెట్టుకోండ్రి.

ఆ దినం

ఆ దినం బందు. మధ్యాహ్నం ఎల్బీనగర్ చౌరస్తల రోడ్డు మీద వంటా వార్పు. పొద్దుగాల్నే భిక్షపతన్న ఫోన్ చేసిండట, టీవోళ్ళొస్తున్నరు, బండికి కొత్త చక్రాలు కావాలె, దొడ్డు బిల్లలు పెట్టాలె అని. మూర్తి గారు భయానికి సగం షట్టర్ లేపి నన్ను పిలిచిండు. నేను పొడుగు బోల్టులు ఎక్కించిన, హబ్బులు గీకిన, బిల్లలు కూసోవెట్టిన, బిగించిన, పసుపు గీతలు గీసిన. ఏ ఒక్కటి తక్కువ చెయ్యలే.

"యాకోబు, కొత్తపేట దాక ఒక రౌండు పోయి రా" అన్న.

"పోయొస్తన్నా" అని వాడు ఎక్కబోయిండు.

"ఏ, ఆగు!" అన్నడు భిక్షపతన్న. "రౌండు ఏంది? బాటసింగారం పోయి మందిని తీస్కరావాలె. ఇప్పటికే లేటయింది. నిమ్మకాయలు పెట్టుండ్రి."

"నిమ్మకాయలు నా దగ్గరున్నయి అన్నా. రౌండు పోయొస్తెనే ఇస్త" అన్న. ఎప్పటి తీరు నవ్వుకుంటనే అన్న.

ఆయన ఎంబడి ఉన్నోళ్ళల్ల ఒకడు సంచిల చెయ్యి పెట్టి నాలుగు నిమ్మకాయలు తీసిండు. వాళ్ళే తెచ్చుకున్నరు! నా జేబు మీద చెయ్యి పెట్టుకొని నేను బేవకూఫు లెక్క నిలవడ్డ. నాలుగు టైర్ల కింద పెట్టిండ్రు, బండి తొక్కింది, చప్పట్లు కొట్టిండ్రు.

నేను మూర్తి గారి దిక్కు తిరిగిన. "సారూ, మీరన్న చెప్పుండ్రి. రెండో బిగింపు లేకుంటె వదులైతయి."

ఆయన నా ముఖం చూడలే. "పోనిద్దూ మల్లేశం. ఆయన హడావిడిలో ఉన్నారు కదా. రేపొస్తారులే" అన్నడు.

నేను బండి కిటికీ కాడికి పోయి పానా యాకోబు చేతుల పెట్టిన. "హయత్‌నగర్ దాటినంక ఆపి నట్లన్ని మళ్ళ బిగించు" అన్న. వాడు తీసుకున్నడు. "నాకు నిమ్మకాయల పట్టింపు లేదన్నా, బిగిస్త" అన్నడు. భిక్షపతన్న వాని చేతులకెంచి పానా గుంజుకున్నడు, నా ముంగట పడేసిండు. "నిమ్మకాయ తొక్కినంక పానా పెడ్తరా? నా బండికి అపశకునం చేస్తవా? నడువురా!" అన్నడు. బండి పోయింది. పానా నేల మీద ఉండె.

మధ్యాహ్నం నేను గూడ ఎల్బీనగర్ పోయిన. డప్పులు, పాటలు, పొయ్యిలు, గిన్నెలు, రోడ్డంత జాతర తీరుగుండె. హైవే దిక్కు నుంచి భిక్షపతన్న బండి వచ్చింది. బండి పైకప్పు తలుపు తెరిచి ఆయన నిలవడి పాట పాడుతున్నడు. మెట్ల మీద మనుషులు వేలాడుతున్నరు. బండి మనుషుల నడకకు సమానంగ వస్తున్నది. రెండో గేరు. నేను పక్కకెంచి నడిచిన గనుక చెప్తున్న.

ముంగటి ఎడమ చక్రం ఊగుతుండె. టక్ టక్‌మని చప్పుడు నాకు డప్పుల నడుమ గూడ ఇనవడ్డది. "యాకోబు! ఆపు!" అని ఒర్రిన. వాడు నన్ను చూసిండు. తల ఎత్తి పైకి చెప్పిండు, "అన్నా, స్టీరింగు కొట్టుకుంటుంది, ఆపుతున్న."

"ఆపకు! కెమెరా ముంగట ఉన్నది. గా చౌరస్త దాటనీ!" అన్నడు పైనున్నాయన. నా చెవులతోని ఇన్న.

చౌరస్త దాటలే. చక్రం ఊడి బండి ఎడమకు కూలవడ్డది. చక్రం దొర్లుకుంట పోయి, నెత్తి మీద అన్నం గిన్నెతోని వస్తున్న ఒక అక్కను మోకాలుకు కొట్టింది. ఆమె సరూర్‌నగర్ అక్క. అన్నమంత రోడ్డు మీద పడ్డది. ఆమె లేవలే.

ఎవడో అరిచిండు, "ఆంధ్రోని దుకాణంల కట్టించినం. కావాలనే వదులు చేసిండ్రు!" అని. గడ్డి మీద నిప్పు పడ్డట్టే. నేను చేతులు అడ్డం పెట్టి, "కాదు భై, నేనే కట్టిన, నేను తెలంగాణోన్నే. రెండో బిగింపు చెయ్యనియ్యలే, గంతే!" అని మొత్తుకున్న. ఒకడు నా కాలర్ పట్టి గుంజిండు. అంగీ జేబు చినిగింది. నిమ్మకాయలు నాలుగూ రోడ్డు మీద పడ్డయి.

అటెన్క ఒకడు వాటి దిక్కు వేలు చూపించి అన్నడు, "వీని జేబుల నిమ్మకాయలు చూడుండ్రా! మంత్రం పెట్టిండు బండికి!"

నవ్వాల్నా ఏడ్వాల్నా చెప్పుండ్రి. ఉస్తాద్ నేర్పిన విద్య నన్ను మంత్రగాన్ని చేసింది. నా దెబ్బలు నాలుగు దినాలల్ల తగ్గినయి. కాని బస్తీల ఈనాటికి గూడ నన్ను మంత్రాల మల్లేశం అనేటోళ్ళున్నరు.

రెండు అడుగుడులు

పోలీసోళ్ళు బండిని దుకాణం పక్క ఖాళీ జాగల పెట్టించిండ్రు. కేసు ఎవరి మీదికి పోతదో ఆ పొద్దంత ఎవరికీ తెల్వదు. యాకోబు స్టేషన్‌ల కూసున్నడు.

సాయంత్రం భిక్షపతన్న మనిషిని పంపి నన్ను పిలిపించిండు. "మల్లేశం, నువ్వు మనోనివి. ఓనరే నట్లు వదులు పెట్టమన్నడని చెప్పు. మిగిలింది నేను చూసుకుంట" అన్నడు.

"వదులు పెట్టలే అన్నా. మీరే రౌండు పోనియ్యలే" అన్న.

"అంటె నన్నంటవా?" అని కండ్లు పెద్దగ చేసిండు.

అక్కడి నుంచి మూర్తి గారింటికి పోయిన. దుకాణం అద్దాలు అప్పటికే మంది పగలగొట్టిండ్రు. "మల్లేశం, ఆ డ్రైవరు స్పీడుగా తోలాడని చెప్పవయ్యా. అంతే. నీకు దండం పెడతాను" అన్నడు. నిజంగనే చేతులు జోడించిండు.

"స్పీడు ఎక్కడిది సారూ? రెండో గేరుల ఉండె. నేను పక్కనే నడిచిన."

"నువ్వు నడిచావని ఎవరికి కావాలయ్యా?" అన్నడు.

మూర్తి గారు జిందగిల నిజం చెప్పిన మాటలు తక్కువ. అది ఒకటి.

నేను స్టేషన్‌కు పోయి ఎస్సైని బతిమాలి బండి కాడికి తీస్కొచ్చిన. ఊడిన చక్రం సంగతి ఇడిసిపెట్టి మిగిలిన మూడు చక్రాలు చూపించిన. ప్రతి నట్టు మీద పసుపు గీత ఇరిగి ఉండె. బోల్టు మీద సగం గీత ఒక దిక్కు, నట్టు మీద సగం గీత ఇంకో దిక్కు. "చూడుండ్రి సార్. ఎవరన్న కావాలని వదులు చేస్తె ఒక్క చక్రం చేస్తరు. జోరుగ తోలితె నట్లన్ని ఒకే తీరుగ జరగవు. ఇది రెండో బిగింపు లేకపోవుడు. తోలినోని తప్పు లేదు, ఆపుతనన్నడు, ఆపనియ్యలే" అన్న. ఎస్సై టార్చి వేసి చూసిండు. ఆయనకు అర్థమైంది. "పొద్దున్న ఫోటోలు తీయిస్తా" అన్నడు.

నేను ఇంటికి పోయి కడుపు నిండ తిన్న. యాకోబు బయటపడ్డడు అనుకున్న. ఇల్లు అలకంగనే పండుగ గాదని మా అవ్వ ఊకెనే అంటుండె.

పొద్దుగాల పోయి చూస్తె గీతలు లేవు. మూడు చక్రాలు పెట్రోలు గుడ్డతోని తుడిచి ఉన్నయి. నట్లన్ని గట్టిగ బిగించి ఉన్నయి. ముందు దినం ఏ రెండో బిగింపు కోసం నేను కాళ్ళా వేళ్ళా పడ్డనో, ఆ బిగింపు ఇప్పుడు చేసిండ్రు. థూ! పక్కన పడేసి ఉన్న పానా గూడ మా దుకాణందే. గుడ్డ గూడ మా దుకాణందే.

నేను ఉరుక్కుంట మూర్తి గారింటికి పోయిన. వాకిట్ల చెప్పులు చూసిన. లోపల భిక్షపతన్న సోఫాల కూసొని చాయ్ తాగుతున్నడు. ముందు దినం ఆంధ్రోడు అన్నాయన, మీవాళ్లు వెళ్లగొడతారా అన్నాయన, ఇద్దరు ఒక్క ప్లేటుల బిస్కట్లు తింటున్నరు.

"రా మల్లేశం" అన్నడు భిక్షపతన్న. "సారు మంచోడు. పార్టీలు వేరు, మనుషులు వేరు. ఆ అక్క దవాఖాన ఖర్చు సారే పెట్టుకుంటున్నడు."

"మరి యాకోబు?"

మూర్తి గారు చాయ్ కప్పు కింద పెట్టి, "ఎవరో ఒకరి మీద రాయాలి కదయ్యా" అన్నడు.

అత్త మీద కోపం దుత్త మీద. రాష్ట్రం ఒకరికి కావాలె, దుకాణం ఒకరికి కావాలె. నడుమ స్టీరింగు పట్టుకున్నోడు ఇద్దరికీ అక్కరకురాలే. నేను ఆ ఇంట్ల ఏం తిట్టిన్నో ఈడ రాయను, ఆడోళ్ళు పిల్లలు చదువుతరు. స్టేషన్‌కు పోయి మళ్ళ అంత చెప్పిన. "గీతలు ఏవయ్యా?" అన్నరు. ఎస్సై తల వంచుకొని కాగితాలు చూసుకున్నడు.

నిర్లక్ష్యంగ, అతివేగంగ తోలిండని యాకోబు మీద రాసిండ్రు.

మూర్తి గారు నన్ను పనిలకెంచి తీసేయలే. "కొన్నాళ్లు ఇంటి దగ్గరుండవయ్యా, వేడి తగ్గనీ" అన్నడు. ఆ వేడి ఇప్పటికి తగ్గలే. రెంటికి చెడ్డ రేవడి అంటరు గద, అది నేనే. బస్తీల నేను ద్రోహిని, దుకాణంల నేను పరాయోన్ని. ఎల్బీనగర్‌ల రోడ్డు పొంటి ఒక జాకీ, ఒక పానా పెట్టుకొని నా బతుకు నేను బతికిన.

అటెన్క

తెలంగాణ వచ్చింది. నేను గూడ పటాకులు కాల్చిన, దాంట్ల నాకు సిగ్గు లేదు. మా రాష్ట్రం మాకొచ్చింది, దాన్ని భిక్షపతన్న మొఖం చూసి నేను ఎందుకు కాదనుకోవాలె? మూర్తి గారిని ఎవరూ ఎల్లగొట్టలే. ఎల్బీనగర్‌ల ఇంకో పెద్ద దుకాణం తెరిచిండు. రిబ్బన్ కత్తిరించింది ఎవరో మీరు చెప్పొచ్చు. నా జాకీ కాడ నిలవడి చూసిన. గల్లీల పాట పాడిన గొంతు మైకుల సోదరభావం గురించి చెప్పింది. తర్వాత ఒక కారుకు చక్రాలు కట్టిండ్రు, నిమ్మకాయలు తొక్కించిండ్రు, కారు పోయింది. ఎవడూ రౌండు అడగలే.

యాకోబు సంగతి అందరిని అడిగిన. కేసు ఉన్నోనికి బండి ఎవరిస్తరు? ఊరికి పోయిండన్నరు. ఊరికి పోతె లేడన్నరు. అట్ల ఏండ్లు గడిచినయి.

పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి బాటసింగారం పోయినంక ఒకసారి మామిడిపండ్ల కోసం పోయిన. లారీ కాడ ఒకడు బత్తాయి డబ్బాలు భుజం మీద మోస్తున్నడు. నడక చూసి గుర్తుపట్టిన. జుట్టు నెరిసింది. "యాకోబు" అన్న. డబ్బా దించి నా చెయ్యి రెండు చేతులతోని పట్టుకున్నడు. లారీ నీడల కూసున్నం.

"బండి తోలుతలేవా?" అన్న.

"లేదన్నా. ఇడిసిపెట్టిన." నవ్విండు. "కోర్టు చుట్టు మస్తు తిరిగిన. ఒప్పుకుంటె అయిపోతదన్నరు. ఒప్పుకున్న, జుర్మానా కట్టిన. అయిపోయింది."

"ఎందుకు ఒప్పుకున్నవురా? నీ తప్పేముండె?"

వాడు నా దిక్కు వింతగ చూసిండు. నేను ఎగతాళి చేస్తున్న అనుకున్నట్టుండె.

"నేనే జోరుగ తోలిన గదన్నా" అన్నడు. "ఆ అక్క కాలు నా వల్లనే పోయింది. ఆదివారం ఆదివారం చర్చిల ఆమె కోసం ప్రార్థన చేస్త."

"యాకోబు, ఇను. బండి రెండో గేరుల ఉండె. నేను పక్కన నడిచిన. నువ్వు ఆపుతనన్నవ్, ఆయన ఆపనియ్యలే. నట్ల మీద పసుపు గీతలు నేను నా కండ్లతోని చూసిన" అన్న.

వాడు నా చేతి మీద మెల్లగ తట్టిండు, చిన్న పిల్లగాన్ని ఊకుంచినట్టు.

"నువ్వు మంచోనివన్నా. నా కోసం అట్ల చెప్తవ్, నాకు తెల్సు. అప్పుడు గూడ చెప్పినవ్" అన్నడు. లేచి డబ్బా ఎత్తుకున్నడు.

నా నిజం వానికి నా దయ లెక్క కనవడ్డది. అబద్ధాన్ని అన్నిసార్లు అందరి ముంగట చెప్పించి, చెప్పించి, దాన్ని వాని లోపలికే ఎక్కించిండ్రు. అద్దాలు పగిలినాయన కొత్త అద్దాలు పెట్టుకున్నడు. యాకోబు చేతులకెంచి మాత్రం స్టీరింగే గాదు, వాని మీద వానికున్న నమ్మకం గూడ గుంజుకున్నరు.

ఈ పనిల దిగే పిల్లలకు నేను చెప్పేది అయిపోయింది. హబ్బు గీకుండ్రి. మర చూసుకోండ్రి. గీత గీయుండ్రి. రౌండు పోయొచ్చేదాక నిమ్మకాయలు ఇయ్యకుండ్రి, వాళ్ళు సంచిల తెచ్చుకుంటె బండి తాళం మీ జేబుల పెట్టుకోండ్రి.

ఇంకొక్క పని అడుగుతున్న. మీల ఎవరన్న బాటసింగారం మార్కెట్ దిక్కు పోతె, యాకోబు అని అడుగుండ్రి, డబ్బాలు మోసేటోడు, నెరిసిన జుట్టు. ఆ దినం బండి రెండో గేరుల ఉండె అని వానికి చెప్పుండ్రి. నేను చెప్తె నమ్ముతలేడు.